రెండూ ఒకటే

బుధవారం పొద్దున తొమ్మిదింటికి బాబాయి అబద్ధానికి రెండో పూత వేస్తున్నాడు.

మొదటి పూత నిన్న సాయంత్రం వేసి ఆరబెట్టాడు. ఇంజను పక్కన క్లచ్చును కప్పే మూత అది, అరచెయ్యంత ఉంటుంది. షోరూంలో అమ్మే బండికి ఆ మూత మామూలు అల్యూమినియంది, వెండిరంగులో మెరుస్తుంది. ఫ్యాక్టరీ బండికి మెగ్నీషియంది, పాత ఇత్తడి చెంబు రంగులో ఉంటుంది, బరువు మూడోవంతు తక్కువ. బాబాయి చేస్తున్న పనల్లా వెండిరంగు మూతను ఇత్తడిరంగులోకి మార్చడమే. దానివల్ల బరువు తగ్గదు, బండి ఒక్క అంగుళం ముందుకి దూకదు. చూసేవాళ్ల కళ్లు మాత్రం మోసపోతాయి.

ఈ పనిలో అతనిది తిరిగిన చెయ్యి. స్ప్రే డబ్బాను నాలుగుసార్లు ఊపి, జానెడు దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగుతాడు. అంచు దగ్గర రంగు కాస్త పల్చగా వదిలేస్తాడు. అసలు మెగ్నీషియం మూత రైడరు బూటు రాసుకుని సరిగ్గా అక్కడే అరుగుతుంది మరి. అంత శ్రద్ధ. తన శ్రద్ధ చూసి తనకే ఒళ్లు మండేంత శ్రద్ధ.

షెడ్డులో అందరూ అతన్ని బాబాయి అనే అంటారు. మేనేజరూ అంతే, వయసులో అతనికన్నా రెండేళ్లు పెద్దవాడైన వాచ్‌మనూ అంతే. ఇరవై ఆరేళ్లుగా స్పానర్లు పట్టిన మెకానిక్. ఈ మోటోక్రాస్ టీములో చేరి ఏడేళ్లు. మట్టి ట్రాకు మీద, గుట్టలెక్కి గాల్లోకి దూకే పందెం బళ్లను విప్పడం, బిగించడం అతని బతుకు.

రెండు బళ్లు స్టాండ్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ పక్కది నంబర్ వన్‌ది. మూడేళ్లుగా గెలుస్తున్నాడు కాబట్టి అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు, అసలు పేరు వాళ్లమ్మకి మాత్రం గుర్తుందేమో. కుడి పక్కది పిచ్చుకది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, బూట్లు, హెల్మెట్టు అన్నీ తగిలించుకున్నా అరవై కిలోలు తూగదు. ఆ పేరు పెట్టింది బాబాయే.

బయటి నుంచి చూస్తే బళ్లు కవలలు. అదే ఎరుపు, అవే స్టిక్కర్లు. బాబాయికి కళ్లు మూసుకున్నా తేడా తెలుస్తుంది. నంబర్ వన్ బండి బోల్టులు టైటానియంవి, గుప్పెడు తీసి చేతిలో పోసుకున్నా ఏదో పట్టుకున్నట్టే ఉండదు. ఇంజను ఐదు గంటలు తిరగగానే విప్పి లోపల కొత్తవి వేస్తారు. కాళ్లు పెట్టుకునే పెగ్గులు అతని బూటు కొలతకి చెక్కినవి. ఆఖరికి సీటు లోపలి స్పాంజి కూడా అతను ఏ పక్కకి ఒరిగి కూర్చుంటాడో చూసి కోసిందే. రాజుగారి సింహాసనానికి కూడా అంత కొలత తీసుకుని ఉండరు. వేటి మీదా అచ్చు వేసిన నంబర్లు ఉండవు, ఏ దుకాణంలోనూ దొరకవు. పిచ్చుక బండి ఐదు నెలల కిందట చెక్కపెట్టెలో షోరూం నుంచి వచ్చింది. మేకులు పీకింది బాబాయి, స్టిక్కర్లు అంటించింది బాబాయి, రంగులు వేసింది బాబాయి.

"ఆరిందా?" అంటూ మేనేజర్ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్టాప్‌వాచ్.

"ఇంకో అరగంట సార్."

"శనివారం కంపెనీ ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు. దగ్గర్నుంచి తీస్తాడు, జాగ్రత్త." మేనేజర్ మూతను వంగి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "మీ చేతిలో ఏదో ఉంది బాబాయ్. నాకే తేడా తెలియట్లేదు."

బాబాయి ఆ మెప్పు విననట్టు డబ్బాను మళ్లీ ఊపాడు.

అంతలో పిచ్చుక వచ్చింది. బాబాయి మూత మీద అట్టపెట్టె బోర్లించాడు. వస్తూనే రెండు చేతుల వేళ్లూ ముడుస్తూ తెరుస్తూ ఉంది. నిన్న సాధన చేసిన నొప్పి ఇంకా పోలేదు. "సార్, ఒక్క మాట. బండి ముందు భాగం గట్టిగా ఉన్నట్టుంది. చిన్న చిన్న గతుకుల్లో చేతులు మొద్దుబారిపోతున్నాయ్. నంబర్ వన్‌ది అలా లేదేమో అని..."

"రెండూ ఒకటే అమ్మాయ్," అన్నాడు మేనేజర్ నవ్వుతూ. ఆ నవ్వు అతనికి బాగా అలవాటు. "ఒకే ఫ్యాక్టరీ, ఒకే బండి. బాబాయ్‌ని అడుగు, ఆయనే కదా బిగించింది. తేడా ఎక్కడుందో ఇప్పుడైనా ఆలోచించుకో. శనివారం ఐదు ల్యాపులు. వాటిలో ఒక్క ల్యాపైనా రెండు నిమిషాల ఎనిమిది సెకన్ల లోపు రావాలి. రాకపోతే, నీ చోటు కోసం ఇద్దరు వెయిట్ చేస్తున్నారు."

ట్రాకు ఒక చుట్టు తిరగడానికి ఇప్పటిదాకా ఆమె మంచి టైము రెండు నిమిషాల పదకొండు సెకన్లు. మూడు సెకన్లు. కన్ను మూసి తెరిచే కాలమే, కానీ మట్టి ట్రాకు మీద అది ఒక గోడ.

పిచ్చుక బాబాయి వైపు చూసింది. బాబాయి స్ప్రే డబ్బా అడుగున ఏం రాసుందో చదవడం మొదలుపెట్టాడు.

"సరే సార్. జిమ్ములో ఇంకో గంట పెంచుతా," అంది పిచ్చుక. అని, తన చేతులకేసి చూసుకుంది. తప్పు చేసిన పిల్లల్ని చూసినట్టు చూసుకుంది. బాబాయికి ఆ చూపు రోజంతా తీసినా పోని ముల్లు అయింది. తేడా ఉందని చెబితే రైడరు దాన్నే సాకు చేసుకుంటారని మేనేజర్ మొదటిరోజే గట్టిగా చెప్పాడు. పైగా కంపెనీ ఊరంతా అంటించేది ఆ మాటే కదా: మా చాంపియన్ తోలే బండీ, మీరు కొనే బండీ ఒకటే.

* * *

షెడ్డులో ఒక గంటల పుస్తకం ఉంది. ఫ్యాక్టరీ బండిలో ఏ భాగం ఎన్ని గంటలు తిరిగిందో అందులో రాస్తారు. గంటలు నిండగానే దాన్ని విప్పేస్తారు. చెక్కు చెదరకుండా ఉన్నా సరే, మేనేజర్ ఎదురుగా రంపం మిషను మీద పెట్టి రెండు ముక్కలు చెయ్యాలి. కంపెనీ రహస్యం బయటికి పోకూడదు, వయసైపోయిన ముక్కతో ఎవరికీ ప్రమాదం రాకూడదు. ఏడేళ్లలో బాబాయి అలా కోసినవి లెక్కలేనన్ని. మొదట్లో ఒక్కోటి కోస్తుంటే ప్రాణం గిలగిలలాడేది. తర్వాత అలవాటైంది.

ఆ బుధవారం మధ్యాహ్నానికి నంబర్ వన్ బండి ఫోర్కుకు గంటలు నిండాయి. ఫోర్కు అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని, గతుకుల్లో కిందికీ పైకీ ఆడే రెండు గొట్టాలు. నంబర్ వన్ ఫోర్కు మీద పూసిన నల్లటి పూత అద్దంలా ఉంటుంది, వేలితో తోస్తే వేలే జారిపోతుంది. షోరూం ఫోర్కుకి బయటి కొలత అదే, లోపలి సంగతి వేరు.

బాబాయి ఆ గొట్టాలను బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. పిచ్చుక 'ముందు భాగం గట్టిగా ఉంది' అంది. ఇదిగో, లోకంలో ఇంతకన్నా మంచి ముందు భాగం లేదు. ఇంకో గంటలో దీన్ని తుక్కు చేస్తారు.

షెడ్డు వెనక తుక్కులో ఎప్పుడో అరిగిపోయిన షోరూం ఫోర్కు ఒకటి పడి ఉంది. ఏం చేస్తున్నాడో తనకే పూర్తిగా తెలిసేలోపు బాబాయి దాన్ని కడిగి, తుడిచి, నల్లరంగు పూత వేశాడు. నంబర్ వన్ ఫోర్కు మీద, ఏ ముక్కో తెలియడానికి సూదితో గీసిన గుర్తును అచ్చు అలాగే దాని మీద గీశాడు. భోజనాలయ్యాక మేనేజర్ వచ్చి నిలబడ్డాడు. రంపం కీచుమంది, నిప్పురవ్వలు లేచాయి, నాలుగు ముక్కలు కింద పడ్డాయి. మేనేజర్ ఫోనులో ఫొటో తీసుకుని, పుస్తకంలో సంతకం పెట్టి, ఆవలిస్తూ వెళ్లిపోయాడు.

మేనేజర్ చెప్పి చేయించిన రంగుపనే చివరికి మేనేజర్ కళ్లకి గంతలు కట్టింది. ఇంకో రోజైతే బాబాయి దాన్ని తలుచుకుని నవ్వుకునేవాడే. ఆ రోజు మాత్రం అసలు ఫోర్కును పాత టైర్ల వెనక దాస్తూ నాలుగుసార్లు గుమ్మం వైపు చూశాడు. ఉద్యోగం పోవడం సంగతి తర్వాత. దొంగ అనే మాట ఇరవై ఆరేళ్లలో అతని దగ్గరికి రాలేదు.

* * *

గురువారం పొద్దున అసలు ఫోర్కు పిచ్చుక బండికి ఎక్కింది. బాబాయి ఆమెకు ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే 'ఎందుకు మార్చావ్' అంటుంది. దానికి జవాబు చెబితే 'మరి ఇన్నాళ్లూ?' అంటుంది.

"ఆయిలు మార్చానమ్మా, అంతే. చూడు ఎలా ఉందో," అన్నాడు.

కంచె పక్కన నిలబడి చూశాడు. మొదటి ల్యాపు అంతంతమాత్రం. కొత్త కదా, అలవాటు పడుతోంది అనుకున్నాడు. రెండో ల్యాపులో గుట్ట దిగే చోట బండి ముందు చక్రం గతుకు గతుక్కీ ఎగిరెగిరి పడటం కనిపించింది. నేలను పట్టుకోవడంలేదు. నంబర్ వన్ కింద ఇదే ఫోర్కు వెన్నలో కత్తిలా దిగేది. బాబాయి కంచె ఊచను పట్టుకున్నాడు. మూడో ల్యాపు. గుట్ట దిగింది, మలుపు తిరగబోయింది, ముందు చక్రం పక్కకి జారింది. ఎర్రటి బండి ఒక వైపు, పిచ్చుక ఒక వైపు.

యాభై ఏళ్ల మనిషి అలా పరిగెత్తగలడని అతనికే తెలియదు. వెళ్లేసరికి పిచ్చుక మట్టిలో కూర్చుని ఎడమ మణికట్టును ఒళ్లో పెట్టుకుని ఉంది. చొక్కా మోచేతి దగ్గర చిరిగి వేలాడుతోంది.

"విరిగిందా? కదుపు. వేళ్లు కదుపు తల్లీ."

"బెణికిందంతే." హెల్మెట్టు తీసింది. కళ్లలో నీళ్లు నొప్పివి కావని చూస్తేనే తెలుస్తోంది. "నా వల్లే బాబాయ్. బండిది ఏం లేదు. నాకే రావట్లేదు."

ఆ మాట అతని చెంప మీద కొట్టినట్టే తగిలింది.

వైద్యం గదిలో కట్టు కట్టించి ఆమెను పంపేశాక బాబాయి షెడ్డు తలుపు మూసి ఫోర్కు విప్పాడు. గంటలు నిండిన ముక్క. లోపల ఎక్కడో చీలి ఉంటుంది, తన తెలివితక్కువతనానికి ఆ పిల్ల మెడ విరగాల్సింది, బెణుకుతో పోయింది. ఒక్కొక్క భాగం తీసి గుడ్డ మీద వరుసగా పెట్టాడు. దీపం దగ్గరగా పెట్టి, భూతద్దంతో అంగుళం అంగుళం వెతికాడు. పగులు లేదు. ఆయిలు కారలేదు. పూత చెదరలేదు. గొట్టం అరచేతిలో తిప్పితే పట్టులా తిరుగుతోంది.

ఫోర్కులో ఏ దోషమూ లేదు. దోషం ఏదైనా ఉండి ఉంటే ఆ పూట అతనికి కాస్త అన్నం సయించేది.

* * *

బాబాయి భార్య ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. టీము చొక్కాలన్నీ మగవాళ్ల కొలతలకే వస్తాయి కాబట్టి పిచ్చుక చొక్కా చిరిగినా, వదులైనా ఇక్కడికే వస్తుంది. ఆ సాయంత్రం చిరిగిన చొక్కా చంకలో పెట్టుకుని వచ్చింది.

"చెయ్యి పోగొట్టుకుని చొక్కా పట్టుకొచ్చావా! కూర్చో ముందు," అంది బాబాయి భార్య. టీ ఇచ్చి, కట్టు చూసి, చొక్కా మడత విప్పి వెలుగులోకి పట్టుకుంది. "చిరుగు కుట్టడం పెద్ద పని కాదు గానీ, ఇది నీ ఒంటికి కుట్టిందే కాదు కదే. గోనెసంచిలో దూరినట్టుంటుంది. వేసుకో ఒకసారి. చేతులు ముందుకి చాపు, బండి మీద ఎలా పెడతావో అలా."

పిచ్చుక స్టూలు మీద కూర్చుని, గాల్లో హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపింది. బాబాయి గుమ్మం దగ్గర టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ పట్టేస్తోంది?"

"భుజం కింద పిన్నీ."

"ఇక్కడా?"

"ఇంకొంచెం వెనక్కి. ఆ, అక్కడ."

పిన్ని అక్కడ సుద్దముక్కతో గీత పెట్టింది. "మోచెయ్యి వంచు. ఇప్పుడు?"

"ఇప్పుడు ఫరవాలేదు. కానీ చేతులు ఇంత దూరం చాపాల్సొస్తుంది కదా, అప్పుడు మళ్లీ లాగుతుంది. హ్యాండిల్ వెడల్పు. క్లచ్ లివరు కూడా అందదు నాకు, వేళ్ల చివరలతోనే పట్టుకుంటా. ఇవాళైతే ముందు చక్రం అసలు కిందికి దిగనే లేదు పిన్నీ, రాయి మీద కూర్చున్నట్టుంది. చక్రం నేల మీద ఉందో గాల్లో ఉందో తెలియక..." అని ఆగి, గుమ్మం వైపు చూసి నాలిక కరుచుకుంది. "ఊరికే అంటున్నా బాబాయ్. బండిని అంటంలేదు."

బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

భార్య ఇంకా అడుగుతూనే ఉంది, గీతలు పెడుతూనే ఉంది. ఐదు నిమిషాల్లో ఇరవై ప్రశ్నలు అడిగింది. ఐదు నెలల్లో తను ఎన్ని అడిగాడు? ఒక్కటీ లేదు. నంబర్ వన్ ట్రాకు నుంచి రాగానే స్టూలు వేసి, నీళ్లిచ్చి, పుస్తకం తీసి 'ఎక్కడ ఇబ్బంది పెట్టింది, ఏ మలుపులో, ఎంత' అని అరగంట రాసుకునేవాడు తనే. పిచ్చుక రాగానే బండి కడిగేవాడు. ఎనభై నాలుగు కిలోల నంబర్ వన్ గుట్ట మీద నుంచి దూకినా తట్టుకోవాలని గట్టి స్ప్రింగులు వేసి బిగించిన ఫోర్కు. దాన్ని తెచ్చి ఈ పిల్ల చేతికింద పెట్టాడు. ఆమె బరువుకి అది మూడోవంతు కూడా దిగదు. ఈ సంగతి నేర్చుకునే కుర్రాడికైనా తట్టాలి. ఫ్యాక్టరీ ముక్క అనేసరికి కళ్లు మూసుకుపోయాయి. మేనేజర్ని అని ఏం లాభం?

"అమ్మాయ్," అన్నాడు. గుమ్మం వదిలి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఆ రెండు బళ్లూ ఒకటి కాదు."

పిన్ని చేతిలో సుద్దముక్క ఆగింది.

చెప్పాడు. చెక్కపెట్టె దగ్గర మొదలుపెట్టి, రంగులు, మూత, గంటల పుస్తకం, కోసిన దొంగ ఫోర్కు, ఇవాళ బిగించిన అసలు ఫోర్కు, అన్నీ వరుసగా చెప్పాడు. మధ్యలో ఎక్కడా తన తప్పును తగ్గించి చెప్పుకోలేదు. అంతమటుకు మెచ్చుకోవాలి.

పిచ్చుక చాపిన చేతులు ఒళ్లోకి దించుకుంది.

"ఐదు నెలలు బాబాయ్. రోజూ పొద్దున లేచి నా చేతుల్ని తిట్టుకున్నా. మా నాన్నకి ఫోన్ చేసి, నేను దీనికి పనికిరానేమో నాన్నా అని ఏడ్చా. నువ్వు పక్కనే ఉన్నావ్."

"ఉన్నాను తల్లీ."

"షోరూం బండి ఇచ్చినందుకు కాదు. షోరూం బండి అని చెప్పుంటే దాన్ని షోరూం బండిలాగే తోలేదాన్ని. దాని దగ్గర లేనిదాన్ని నాలో వెతుక్కోకపోదును."

బట్టల మీద వేసుకున్న ఆ చొక్కా విప్పి బల్ల మీద పడేసి వెళ్లిపోయింది. చెప్పులు తొడుక్కోవడానికి గుమ్మం దగ్గర ఆగినప్పుడు కూడా అతనికేసి చూడలేదు.

"మీరేనా ఇలా చేసింది?" అంది భార్య. కోపంగా అన్నా బాగుండేది. ఆశ్చర్యంగా అంది.

* * *

శుక్రవారం ఏడున్నరకి బాబాయి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది. అతను తాళం చెవి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నీ మీద కోపం పోలేదు," అంది ఆమె. "రేపు టెస్టు ఉంది. అందుకొచ్చా. తెరువు."

మొదట ఫ్యాక్టరీ ఫోర్కు తీసి పాత టైర్ల వెనక పెట్టాడు. ఆమె షోరూం ఫోర్కు మళ్లీ ఎక్కింది, కానీ లోపల స్ప్రింగులు మారాయి. వాటి కోసం బాబాయి ఫ్యాక్టరీ భాగాలు దాచే అలమర తెరవలేదు. వీధి చివర విడిభాగాల దుకాణానికి నడిచి వెళ్లి, అట్టపెట్టె మీద నంబరు అచ్చువేసిన తేలిక స్ప్రింగులు కొనుక్కొచ్చాడు. ఎవరైనా కొనుక్కోవచ్చు. ఐదు నెలలుగా ఆ దుకాణంలో దుమ్ము కొట్టుకుంటున్నాయి.

"ఎక్కి కూర్చో. బూట్లతో. హెల్మెట్టు కూడా పెట్టుకో, దాని బరువూ కావాలి."

ఆమె ఎక్కింది. బాబాయి మోకాళ్ల మీద కూర్చుని టేపుతో కొలిచాడు, ఆమె దిగాక కొలిచాడు, మళ్లీ ఎక్కమని కొలిచాడు. బండి ఆమె బరువుకి ఎంత కుంగుతోందో కాగితం మీద రాసుకున్నాడు. వెనక స్ప్రింగు రెండు చుట్లు వదిలాడు. హ్యాండిల్ రెండు చివర్లూ వేలి వెడల్పు చొప్పున కోశాడు. క్లచ్ లివరును ఆమె వేళ్ల రెండో కణుపు తగిలేదాకా దగ్గరికి తెచ్చాడు.

"ఎక్కడ పట్టేస్తోంది?"

ఆ ప్రశ్న వినగానే ఆమె మొహంలో నవ్వులాంటిది ఏదో వచ్చి ఆగిపోయింది. "బ్రేకు పెడల్ కొంచెం కిందికి."

"ఇంతా?"

"ఇంకో చుక్క."

నాలుగు ల్యాపులు తోలి వచ్చేది, చెప్పేది, అతను మార్చేవాడు, మళ్లీ వెళ్లేది. కట్టు కట్టిన మణికట్టు నొప్పి పెడుతూనే ఉంది. మధ్యాహ్నానికి రెండు పది. మూడింటికి రెండు తొమ్మిది పైచిలుకు. అక్కడే ఆగిపోయింది. సూర్యుడు దిగేదాకా ఆ పైచిలుకు కరగలేదు. బాబాయి తను రాసుకున్న అంకెల కాగితాన్ని మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. ఇది కూడా చాలదేమో. నిజం చెప్పి ఆమెకి మిగిలిన కాస్త భ్రమనీ తీసేశాడు, ఇప్పుడు చోటూ పోతుందేమో.

సామాన్లు సర్దుతుంటే పిచ్చుక ఇంజను పక్కన వంగి, ఇత్తడిరంగు మూతను గోటితో గీకింది.

"ఇది తీసెయ్."

"మూతా?"

"రంగు. బండి నాదైతే నా బండిలాగే కనపడనీ."

బాబాయి గుడ్డకి థిన్నరు పోసి రుద్దాడు. తను అంత శ్రద్ధగా వేసిన రంగు అంత సులువుగా ఊడిరాలేదు. సగం ఊడింది, సగం మచ్చలు మచ్చలుగా మిగిలింది. చూడ్డానికి ఘోరంగా ఉంది. ఇద్దరికీ అదే నచ్చింది.

* * *

శనివారం పది గంటలకి ట్రాకు తడిపి సిద్ధం చేశారు. కంపెనీ ఫొటోగ్రాఫర్ మూడు కెమెరాలతో వచ్చాడు. నంబర్ వన్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మేనేజర్ మచ్చల మూతను చూసి మొహం చిట్లించాడు గానీ, అప్పటికే పిచ్చుక బండి స్టార్టు చేసింది.

మొదటి ల్యాపు రెండు తొమ్మిది పాయింట్ నాలుగు. రెండోది రెండు ఎనిమిది పాయింట్ ఆరు. బాబాయి కంచె దగ్గర లేడు. కాలుకాలిన పిల్లిలా షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతూ, చెవులతోనే చూస్తున్నాడు. గుట్ట దిగే చోట ఇంజను మోత తెగకుండా సాగింది. అంటే చక్రం నేల వదల్లేదు. మూడోది రెండు ఎనిమిది పాయింట్ ఒకటి. మేనేజర్ స్టాప్‌వాచ్‌ను ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. నాలుగో ల్యాపులో ఒక మలుపు మరీ వెడల్పుగా తిరిగింది, రెండు పది. పోయింది అనుకున్నాడు బాబాయి. మణికట్టు ఇక పట్టదు, ఒక్కటే మిగిలింది.

ఐదో ల్యాపు వస్తుంటే అతను కళ్లు మూసుకున్నాడు. మోత దగ్గరికి వచ్చింది, దాటింది.

"రెండు ఏడు పాయింట్ ఎనిమిది," అన్నాడు నంబర్ వన్, మేనేజర్ భుజం మీంచి స్టాప్‌వాచ్‌లోకి తొంగి చూసి. టీ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

బాబాయి పాత టైరు మీద కూర్చున్నాడు.

మేనేజర్ తేరుకోవడంలో దిట్ట. పిచ్చుక హెల్మెట్టు తియ్యకముందే చేతులు చాపుకుంటూ వెళ్లాడు. "నే చెప్పలేదూ! బండిలో ఏముంది, అంతా రైడర్లో ఉంది! రా, ఫొటోలు." ఫొటోగ్రాఫర్ మచ్చల మూతను చూసి పెదవి విరిచాడు. మేనేజర్ వెంటనే బాబాయి వైపు తిరిగాడు. "బాబాయ్, ఈ అమ్మాయి నంబరు స్టిక్కరు తీసి నంబర్ వన్ బండికి అంటించండి. ఫొటోకి అది బాగుంటుంది. రెండూ ఒకటేగా."

పిచ్చుక హెల్మెట్టు తీసి సీటు మీద పెట్టింది. మట్టి కొట్టుకుపోయిన మొహంలో కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"రెండూ ఒకటే అయితే నా బండి మీదే తియ్యమనండి సార్," అంది. చాలా మర్యాదగానే అంది.

ఫొటోగ్రాఫర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మేనేజర్ నవ్వు మొహం మీదే ఉంది, దాని అడుగున కోపం పొంగుతోంది. ఆ కోపం వెళ్లడానికి దారి వెతుక్కుని బాబాయి మీద పడింది. "అసలు ఆ మూత మీద రంగెవరు తీసేశారు? ఏం చేస్తున్నారు మీరు రెండ్రోజులుగా?"

బాబాయి లేచాడు. టైర్ల వెనక చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన ఫోర్కు తీసి మేనేజర్ ముందు బల్ల మీద పరిచాడు.

"ఇది కోయాలి సార్. గంటలు నిండాయి. పుస్తకం ప్రకారం మీ ఎదురుగానే కోయాలి."

మేనేజర్ గొట్టాన్ని చూశాడు, దాని మీద సూది గుర్తును చూశాడు. "దీన్ని బుధవారమే కోశాం కదా?"

"కోసింది తుక్కు ఫోర్కు. నేను రంగేసింది. ఇది గురువారం ఈ అమ్మాయి బండిలో ఉంది. దీనివల్లే పడింది. తప్పు నాది. ఏం చేస్తారో చెయ్యండి."

"నంబర్ వన్ ఫోర్కుని తీసి ఆ బండికి..." మేనేజర్ మొహం ఎర్రబడింది, వేలు లేచింది. "ఎంత ధైర్యం మీకు! ఆ బండికి ఇలాంటి ఫోర్కు ఎక్కడ..."

అక్కడ ఆగిపోయాడు. ఫొటోగ్రాఫర్ వింటున్నాడు. కంపెనీ మనిషి. నంబర్ వన్ వింటున్నాడు. ఆ వాక్యం పూర్తి చేస్తే, ఆ బండికి ఇలాంటి ఫోర్కు ఎప్పుడూ లేదని తన నోటితోనే చెప్పాలి. బాబాయిని దొంగ అనాలంటే ముందు రెండూ ఒకటి కాదనాలి. మేనేజర్ వేలు కాసేపు గాల్లోనే ఉండి, ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీ దగ్గరికి పోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"కోసెయ్యండి," అన్నాడు చివరికి, ఎవరికేసీ చూడకుండా.

రంపం కీచుమంది. ఈసారి లోహం వేరే గొంతుతో అరిచింది, సన్నగా, పొడుగ్గా. ముక్కలు పడ్డాయి. బాబాయి గంటల పుస్తకం తెరిచి బుధవారం నాటి గీత కొట్టేసి, ఇవాళ్టి తేదీ వేసి, మేనేజర్ ముందు పెట్టాడు. మేనేజర్ సంతకం పెట్టాడు. ఆ సంతకం ఎప్పటికన్నా చిన్నగా వచ్చింది.

అవతల ఫొటోగ్రాఫర్ మచ్చల బండి ముందు మోకాలి మీద కూర్చున్నాడు. పిచ్చుక హ్యాండిల్ పట్టుకుని, అతను చెప్పినట్టు గడ్డం కొంచెం పైకెత్తి, నవ్వకుండా కూర్చుంది. చొక్కా మోచేతి దగ్గర పిన్ని కుట్టిన కుట్టు దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. శుక్రవారం రాత్రి ఆ చొక్కాను బాబాయి చేత ఆమె గదికి పంపింది పిన్ని. తలుపు సగమే తెరిచి తీసుకుంది పిచ్చుక.

ఫొటోలు అయ్యాక బాబాయి స్టూలు తెచ్చి ఆమె ముందు వేశాడు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం, పెన్సిలు ముక్క తీసి, తను నేల మీద కూర్చున్నాడు. నంబర్ వన్ ముందు ఇన్నాళ్లూ కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు. "ఇంకా ఎక్కడ పట్టేస్తోంది?"

పిచ్చుక సీసా ఎత్తి గుక్క తిప్పుకోకుండా సగం తాగింది. మూతి తుడుచుకుంది. అతన్ని ఇంకా పూర్తిగా క్షమించలేదని ఆ తుడుచుకోవడంలోనే తెలుస్తోంది. అయినా ఎడమ చెయ్యి చాచి, వేళ్లు విప్పి చూపించింది.

"నాలుగో మలుపులో," అంది. "రాసుకో."